ముత్తమ్మ ఏరని బియ్యం

అన్నం తింటుంటే పంటి కింద రాయి తగిలితే మీరు ఎవరిని తిడతారు? వండినవాళ్ళనా, బియ్యం అమ్మినవాణ్ణా? సరే, తిట్టండి. మరి రాయి తగలని రోజుల్లో ఆ బియ్యం ఎవరు ఏరారో ఒక్కసారైనా అడిగారా?

నేను అడగలేదు. నలభై ఏళ్ళు ఏరించుకుని తిన్న ఒక పెద్దమనిషీ అడగలేదు. ఆయనకు ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. దయ్యాలను నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. సూర్యాపేట పఠన మందిరంలో దయ్యాలు ఉన్నాయా లేవా అని మూడు ఆదివారాలు చర్చ పెట్టి, ఉన్నాయన్నవాళ్ళందరినీ కూర్చోబెట్టిన కుర్రకారులో నేనొకణ్ణి. నిమ్మకాయ కోస్తే రక్తం వచ్చేలా చేసే భూతవైద్యుడి చేతిలో కత్తి లాక్కుని, దానికి ఏం మందు రాశాడో నడిబజారులో చూపించాను. పెన్‌పహాడ్ దగ్గర ఒక పాడుబడ్డ బావిలో దయ్యముందంటే దిగి స్నానం చేసి వచ్చాను. గొప్ప కోసం చెప్పడం లేదు. కింద రాసింది ఎలాంటివాడు రాశాడో మీకు తెలియాలి.

ఈ మధ్య మా వృద్ధ శరణాలయం సంఘంవాళ్ళు వచ్చి సంఘం చరిత్ర రాసిపెట్టమన్నారు. సంఘం పెట్టినవాళ్ళలో బతికున్నది నేనొక్కణ్ణే. రాసిచ్చాను. అచ్చయి వచ్చాక చూస్తే ఒక ప్రకరణం లేదు. హేతువాది కలం నుంచి ఇలాంటిది రావడం బాగుండదని ఇప్పటి కార్యదర్శి చాలా మర్యాదగా ఉత్తరం రాశాడు. ఆయన తీసేసిన ప్రకరణం ఇదే.

పోలీసు చర్య ముగిసిన కొత్త రోజులు. మా చుట్టుపక్కల ఊళ్ళలో ముసలివాళ్ళు మిగిలిపోయారు. వాళ్ళ కొడుకుల్లో కొందరు అడవిలో, కొందరు జైల్లో, కొందరు మట్టిలో ఉన్నారు. ఆత్మకూరు వైపు నుంచి, మూసీ అవతల నుంచి, నడవగలిగినవాళ్ళు నడిచి సూర్యాపేట చేరి బస్సులు ఆగేచోట కూర్చునేవారు. మేం ఐదుగురం కలిసి ఒక పెంకుటిల్లు కిరాయికి తీసుకుని వాళ్ళను అందులో చేర్చాం. కోదాడలోనూ మిర్యాలగూడలోనూ ఇలాంటివే పెట్టాలని మా ఆలోచన. నేను బడిపంతులిని. రాయడం, వాదించడం వచ్చని నన్ను కార్యదర్శిని చేశారు.

శరణాలయం పిడికెడు బియ్యంతో నడిచేది. ఇల్లాలు పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి మా పేరున పెట్టిన కుండలో వేస్తుంది. వారానికోసారి మేం గోనెసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ కుండలు గుమ్మరించుకుని వచ్చేవాళ్ళం. పాతవి, కొత్తవి, దొడ్డువి, సన్నవి, పురుగు పట్టినవి, అన్నీ ఒకే సంచిలో. రాళ్ళు చెప్పక్కర్లేదు. అందుకని శరణాలయంలో పొద్దుటి పని అంటే బియ్యం ఏరడమే. చూపున్నవాళ్ళంతా చేటలు పట్టుకుని అరుగు మీద కూర్చునేవారు.

చూపు లేని ముత్తమ్మ వాళ్ళందరికంటే బాగా ఏరేది.

ఆమె రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. వేళ్ళ కొసలతో తడిమి ఏరేది. చేట ఎగరేసినప్పుడు గింజ పడే చప్పుడు వేరు, రాయి పడే చప్పుడు వేరు అనేది. ఎడమ భుజం పైకి లేచేది కాదు. చిన్నప్పటినుంచీ మూసీ అవతల ఒక దొర గడీలో ఇసుర్రాయి తిప్పి, బియ్యం చెరిగి, ఏరి అరగదీసుకున్న భుజం అది. కూలి లేదు, అంతా వెట్టి. భుజం పోయి, కళ్ళు పోయాక పొమ్మన్నారు. కర్ర ఊతంగా దారి అడుక్కుంటూ మా దాకా వచ్చింది.

ఆ దొర పేరు రాయను, ఊరు రాయను. భయపడి కాదు. ఆయన మనవల మీద నాకు పగ లేదు. ఆయన మీద ఉంది. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఉంది.

గొడవల రోజుల్లో హైదరాబాదుకు పారిపోయిన ఆ దొర పోలీసు చర్య తర్వాత తిరిగొచ్చాడు. పాత పెత్తనం పోయింది కాబట్టి కొత్తగా మర్యాద కావలసివచ్చింది. సూర్యాపేటలో ఆయనకు ఒక పెద్ద రాతి మేడ ఉండేది. తనను సంఘానికి అధ్యక్షుణ్ణి చేస్తే మేడ శరణాలయానికి ఇస్తానన్నాడు. మా పెంకుటిల్లు వానకు కారుతోంది. సంతోషంగా ఒప్పుకున్నాం.

మమ్మల్ని చూడటానికి వచ్చిన రోజు ఆయన అరుగు మీద ముత్తమ్మను చూశాడు.

"ఇది మా గడీల ముసల్ది గదా. గీడేం జేస్తున్నది?"

ఆ గొంతు వినగానే అరుగు మీది వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ముత్తమ్మ లేవలేదు. చేటలో చేయి ఆగలేదు.

"రాళ్ళేరుతున్న దొరా. మీ ఇంట్ల ఏరినట్టే."

ఆమె పక్కన మల్లయ్య అనే గొల్ల ముసలాయన ఉండేవాడు. బతుకంతా గొర్లు కాసినవాడు, ఎవరికీ జంకేవాడు కాదు. "ఏరనియ్యి దొరా," అన్నాడు. "మీ ఇంట్ల ఏరితే సద్ది గూడ పెట్టలేదంట. ఈడ రెండు పూటల బువ్వ దొరుకుతున్నది."

నలుగురూ నవ్వారు. దొర కూడా నవ్వాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"పంతులూ, గా ముసల్ది ఈడ కూసుంటే నేను ఎల్లగొట్టిన్నని లోకం అనదా? దాని తిండికి నేను లేనా? దిక్కులేనిది ఎట్లయితది? దాన్ని మా ఇంటికి తోలుండ్రి. గప్పుడు మేడ తాళాలు పంపుత."

మా సంఘానికి ఒక నియమం ఉంది. పోషించేవారు ఉన్నవారిని చేర్చుకోరాదు. దాన్ని రాసింది నేనే. ఇప్పుడు పోషించేవాడు వచ్చి నిలబడ్డాడు, కాగితం మీద రాసిస్తానంటున్నాడు. ఇంక వాదించడానికి ఏముంది?

సంఘం సమావేశంలో ఒక్క సభ్యుడు అడ్డు చెప్పాడు. ఆమెకు ఇష్టం లేదు గదా అన్నాడు. నేను లేచాను. ఇష్టాయిష్టాలు చూస్తే నియమం ఎందుకు, ఒక్కరికోసం నియమం వంచితే రేపు ఎవరికోసం వంచమంటారు, కారే ఇంట్లో ఉన్న మిగతావాళ్ళ మాటేమిటి అని వరసగా అడిగాను. తీర్మానం నెగ్గింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి, సమావేశంలో బాగా మాట్లాడానని భార్యతో చెప్పుకున్నాను కూడా.

మర్నాడు ముత్తమ్మ దగ్గర కూర్చుని తీర్మానం మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను.

"గాడికి నన్ను పంపకు సారూ," అంది. "నాకు బువ్వ పెట్టరు."

"పెడతమని కాయితం రాసిచ్చిన్రు ముత్తమ్మా."

"కాయితాన్ని నేనేం జేసుకోవాలె? ఏరి వండుకోవాల్నా?"

బండి వచ్చింది. నేనే చేయి పట్టి ఎక్కించాను. కూర్చున్నాక నా గొంతు ఎటునుంచి వస్తోందో అటు ముఖం తిప్పింది. అరవలేదు, ఏడవలేదు.

"ఇన్నేండ్ల సంది దొర నోట్ల ఒక్క రాయి పడలె. నా చేతుల పుణ్యం గది. ఇగ ఎవ్వలు ఏరుతరో నేను గూడ సూస్త."

పదిహేను రోజులు కాకముందే చనిపోయింది. గొర్లు మేపుతూ అటు వెళ్ళిన మల్లయ్య చుట్టం చూసి వచ్చి చెప్పాడు. పశువుల కొట్టంలో తౌడు సంచుల పక్కన పడేశారట. జ్వరం వస్తే ఎవరూ చూడలేదు, ముద్ద పెట్టలేదు. దొర మాత్రం వయసు మీదపడి పోయిందని మాకు కబురు పంపాడు.

మల్లయ్య నా దగ్గరికి వచ్చి, "సారూ, ఇగ ముత్తమ్మకు దిక్కున్నట్టా లేనట్టా? మీ కాయితంల జర సూసి చెప్పు" అన్నాడు.

అప్పటికే మేడ తాళాలు మా చేతికి వచ్చాయి.

మేడలో ప్రవేశించిన రోజు మధ్యాహ్నం సహపంక్తి భోజనం పెట్టాం. అన్ని కులాలవాళ్ళూ ఒకే వరసలో కూర్చోవాలని మా పట్టుదల. దొర ఒప్పుకుని అందరితో పాటు విస్తరి ముందు కూర్చున్నాడు. అన్నం ఒకే గంగాళంలోంచి వడ్డించాం. నేను ఆయన ఎదుటి వరసలో ఉన్నాను.

రెండో ముద్దకు కరుక్కుమని చప్పుడైంది. అది నా దాకా వినబడింది. ఆయన రాయి తీసి పక్కన పెట్టి నవ్వాడు. ఇంకో రెండు ముద్దలకు మళ్ళీ. ఆ తర్వాతిదానికి దవడ పన్ను విరిగింది. తెల్లటి అన్నం మీద నెత్తురు పడింది.

ఆ వరసల్లో ఇంకెవరికీ ఒక్క రాయి తగల్లేదు. నేను ఒక్కొక్కరినీ అడిగాను.

వంటమనిషి పుల్లమ్మది కోదాడ. దొర మనుషులు మీదికి వస్తే బెదరలేదు. "మూడుసార్లు ఏరించానండీ, నాలుగుసార్లు కడిగాను. ఇంకేం చెయ్యమంటారు, ఒక్కో మెతుకూ కొరికి చూసి వడ్డించమంటారా?" అంది.

మల్లయ్య తన విస్తరి ముందునుంచే, తల ఎత్తకుండా అన్నాడు. "ముత్తమ్మ ఏరని బియ్యం దొరా. జర సూస్కొని తినుండ్రి."

ఆ మాట ఎంత పని చేసిందో తర్వాత తెలిసింది.

నాకు అనుమానం మల్లయ్య మీదే. ఎవరో ముసలివాళ్ళు కసి తీర్చుకోవడానికి విస్తట్లో రాళ్ళు కలిపారనుకున్నాను. అలాంటి కసి నాకు అర్థమవుతుంది. కనుక్కుందామని పూనుకున్నాను.

కోదాడలో శాఖ పెట్టే విషయం మాట్లాడటానికి దొరా నేనూ కలిసి వెళ్ళాం. ముసలివాళ్ళెవరూ వెంట లేరు. ఒక మిత్రుడి ఇంట్లో భోజనం. కూర్చున్నాక చివరి నిమిషంలో, ఆయన విస్తట్లో ఉప్పు వేయలేదని సాకు చెప్పి, ఆయన విస్తరి నేను తీసుకుని నాది ఆయనకిచ్చాను. ఆయన విస్తట్లోది నేను చివరి మెతుకుదాకా తిన్నాను. ఏమీ లేదు. నా విస్తట్లోది తిన్న ఆయనకు మూడో ముద్దలో తగిలింది.

మిర్యాలగూడలో అన్నమే వద్దన్నాడు. జొన్నరొట్టె పెట్టారు. రొట్టెలోనూ వచ్చింది.

ఆయన పళ్ళు పుచ్చి ముక్కలై రాలుతున్నాయేమో అనుకున్నాను. కానీ ఆయన ఉమ్మినవి నల్లగా, గరుకుగా ఉన్నాయి. పళ్ళ ముక్కలు వాటి పక్కన తెల్లగా వేరే పడుండేవి. రాళ్ళను నేను ఒక పొడుం డబ్బాలో వేసి ఉంచాను.

నెల తిరిగేసరికి దొర మనిషి చిక్కిపోయాడు. సొంత గడీలో, సొంత భార్య కలిపి పెట్టినా అదే వరస. ఒకరోజు పొద్దున్నే ఇద్దరు మనుషులతో శరణాలయానికి వచ్చాడు. ఒకడి చేతిలో కమ్మరి పటకారు ఉంది.

ఈ ప్రాంతంవాళ్ళకు ఆ పటకారు గురించి చెప్పనక్కర్లేదు. బాణామతి చేశాడని ఎవరిమీదైనా అనుమానం వస్తే పట్టుకుని పళ్ళు పీకుతారు. పళ్ళు లేని నోట మంత్రం పలకదట. అలా పీకించుకున్న ముసలివాళ్ళలో బతికి బట్టకట్టినవాళ్ళను నేను చూడలేదు. ఈ దురాచారం మీద నేను రాసినంత ఆ రోజుల్లో మా దగ్గర ఇంకెవరూ రాయలేదు.

మల్లయ్యను స్తంభానికి కట్టేశారు. విస్తరి ముందు అన్న మాటే అతని నేరం. మిగతా ముసలివాళ్ళు గోడకు ఆనుకుని నిలబడ్డారు. మల్లయ్య ఒక్కడే మాట్లాడాడు.

"గొర్రెకు పండ్లు సూసి ధర కడ్తరు దొరా. నా నోట్ల ఉన్నయే నాలుగు. వాటికోసం బండి కట్టుకొని ఇంత దూరం వస్తరా?"

నేను దొరకు అడ్డం నిలబడ్డాను. మొదటిసారి నిలబడాల్సిన చోట నిలబడలేదన్న సంగతి అప్పుడు నాకు బాగా తెలుసు.

"ఒక్క పూట టైమియ్యండి దొరా. మీ బియ్యం, మీ పళ్ళెం తెప్పించండి. మల్లయ్య ఆ స్తంభానికే కట్టేసి ఉంటడు. పుల్లమ్మ బయటికి పోతది. నేనే వండుత, నేనే పెడ్త. అప్పుడు గూడ రాయొస్తే మల్లయ్య చేసినట్టు కాదని ఒప్పుకోవాలె."

ఒప్పుకున్నాడు. గడీ నుంచి బియ్యం, వెండి పళ్ళెం తెప్పించాడు. తెల్లటి పంచె పరిచి, ఎండలో, అందరూ చూస్తుండగా నేను ఒక్కో గింజా వేలితో జరిపి ఏరాను. వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద నేనే వండాను. గంజి పలచటి బట్టలో వంచాను. పళ్ళెంలో పెట్టాక ఆయన చేతికి ఇవ్వలేదు. ఒక్కో ముద్దా నా వేళ్ళతో మెత్తగా, పిండిలా నలిపి, అందులో ఏమీ లేదని తేల్చుకుని ఆయన అరచేతిలో పెట్టాను.

మొదటి ముద్ద దిగింది. రెండోది దిగింది. నాకు ధైర్యం వచ్చింది.

మూడో ముద్దను ముందు రెండిటికంటే ఎక్కువసేపు నలిపాను. అందులో అన్నం తప్ప ఏమీ లేదు. ఇది నా వేళ్ళకు తెలుసు. ఆయన నోట్లో పెట్టుకున్నాడు. కరుక్కుమంది.

ఉమ్మితే అరచేతిలో రాయి పడింది. కందిబద్దంత ఉంది, నల్లగా. అంత రాయి నా వేళ్ళను తప్పించుకోలేదు. నా వేళ్ళకూ ఆయన పళ్ళకూ మధ్య ఉన్నది ఆయన చేయి మాత్రమే. అది తెరిచి, అందరి కళ్ళముందూ ఉంది.

పటకారు పట్టుకున్నవాడు నా ముఖం చూస్తున్నాడు. నాకు ఏమీ తెలియదని చెబితే వాళ్ళకు మళ్ళీ మల్లయ్యే గుర్తొస్తాడు. జీవితమంతా కాదని వాదించిన మాట నా నోటితో నేనే అన్నాను.

"మల్లయ్య కాదు దొరా. పుల్లమ్మ కాదు. ముత్తమ్మ."

"అది సచ్చింది గదా."

"అందుకే."

"పంతులూ, నువ్వు ఇసుంటియి నమ్మవు గదా. నమ్ముతున్నవా?"

"మీ నోట్ల ఉన్నదాన్ని నమ్ముతున్న."

ఒక మనిషిని కాపాడటానికి అబద్ధం ఆడుతున్నాననే అనుకున్నాను. కానీ చెప్పేటప్పుడు అది అబద్ధంలా నాలుక మీద నిలవలేదు. దొర ముఖంలో నెత్తురు దిగిపోవడం చూసి సంతోషించాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

"ఏం జెయ్యాలె?" అన్నాడు.

నేను చేట తెచ్చి ఆయన ముందు పెట్టాను. "కూసోండి. ఏరుండ్రి."

కూర్చున్నాడు. మేడ అరుగు మీద, ముత్తమ్మ కూర్చున్నట్టే. మల్లయ్యను విప్పేశారు. ఆ పూటే కాదు, తర్వాత తొమ్మిది రోజులు పొద్దున్నే వచ్చి, ముసలివాళ్ళ మధ్య కూర్చుని పిడికెడు కుండల బియ్యం ఏరాడు. ఆయన ఏరిన బియ్యంతో వండిన అన్నం శరణాలయమంతా తిన్నది. ఎవరికీ ఒక్క రాయి తగల్లేదు. ఆయనకు మాత్రం తగులుతూనే ఉంది.

పదో రోజు మేడను సంఘం పేర రాసి, అధ్యక్ష పదవి వదిలి హైదరాబాదు వెళ్ళిపోయాడు. అక్కడ దవాఖానలో మిగిలిన పళ్ళన్నీ తీయించుకున్నాడని విన్నాను. జావ తాగేవాడట. గిన్నె అడుగున చూసుకుని చూసుకుని తాగేవాడట. ఏడాది తిరక్కుండానే పోయాడు. సంఘం చరిత్రలో మాత్రం ఆయన మేడను ఔదార్యంతో ఇచ్చాడని ఉంటుంది.

డబ్బాలోని రాళ్ళను నేను తర్వాత ఇసుర్రాళ్ళకు గంట్లు కొట్టే వడ్డెర మనిషికి చూపించాను. ఎక్కడివో చెప్పలేదు. వేళ్ళతో నలిపి చూసి, "పొలంల రాళ్ళు గావు సారూ. ఇసుర్రాయి రాలితే గిట్లనే ఉంటది" అన్నాడు. గడీకి వెళ్ళి చూశాను. ముత్తమ్మ తిప్పిన ఇసుర్రాయి కొట్టంలో ఓ మూల దుమ్ముపట్టి ఉంది. ఆమెను పంపేశాక దాన్ని ఎవరూ ముట్టలేదన్నారు. అంటే నాకు తెలిసిందేమీ లేదు.

దీనికి కారణం నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యమని అనను. అయినా కాదని రుజువు చేసే మాట నా దగ్గర ఒక్కటీ లేదు. గెలవని వాదం నా జీవితంలో ఇదొక్కటే.

దానికంటే నాకు అంతుపట్టనిది ఇంకొకటుంది. దొర నోటిమాటగా అడిగాడు. తీర్మానం రాసింది నేను, నెగ్గించింది నేను, బండి ఎక్కించింది నేను. నాకు ఇంతవరకూ ఒక్క రాయి తగల్లేదు. ప్రతి పూటా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగుతాను. నా భార్య ఉన్నన్నాళ్ళూ అన్నం బాగాలేదా అని అడిగేది. బాగానే ఉందని చెప్పి మింగేవాణ్ణి.

నన్ను ఎందుకు వదిలిందో తెలియదు. వదల్లేదేమో కూడా.

చదివారు కదా, ఇప్పుడు లేవండి. ఈ వారంలోనే మీ ఊరి వృద్ధాశ్రమానికి వెళ్ళండి. పళ్ళు పంచి, ఫొటో దిగి తిరిగి రాకండి. కార్యదర్శి ఎదురుగా కూర్చుని అడగండి: ఏ నియమం చూపించి ఎవరిని పంపేశారు, ఎవరి ఇంటికి పంపేశారు, పంపాక ఒక్కసారైనా వెళ్ళి చూశారా. పేర్లు చెప్పించండి. చెప్పేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి. పేరు తెలిశాక ఆ ఇంటికి నడవండి.